ఇంటి ముంగిట కారు కడగడం: ప్రెషర్ వాషర్, ఎర్రమట్టి, నీటి లెక్క

బిస్సమ్ కటక్ పరిసరాలలో కారు గల గృహస్థులకు ఏడాదికి రెండు రకాల మురికి ఎదురవుతుంది. శీతకాలం నుండి ఎండలు ముదిరే వరకు ఎర్రని దుమ్ము. జూన్ నుండి సెప్టెంబరు వరకు ఎర్రని బురద. నియమగిరి చుట్టుపట్ల నేల అధిక భాగం ఎర్ర నేల. ఆ మట్టిలోని సన్నని ఇసుక రేణువులు గాజు వలె గట్టివి. పొడి గుడ్డతో కారు తుడిచినప్పుడు అవి రంగుపై గీతలు పెడతాయి. మొదట ఒకటి రెండు గీతలు కంటికి ఆనవు. ఏడాది తిరిగేసరికి ఎండలో నిలిపిన కారు మీద సాలెగూడు అల్లినట్లు కనిపిస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కొందరు ఇటీవల ప్రెషర్ వాషర్ కొనుక్కుంటున్నారు. దానిని ఎప్పుడు వాడాలి, ఎలా వాడాలి, కడిగిన నీరు ఎక్కడికి పోవాలి అన్న మూడు సంగతులను ఇక్కడ వివరిస్తున్నాం.

ముందుగా నీటి లెక్క. సాధారణ రబ్బరు గొట్టం నుండి నిమిషానికి 15 నుండి 20 లీటర్ల నీరు వస్తుంది. గొట్టాన్ని నేల మీద వదిలి, నింపాదిగా పావుగంట సేపు కడిగితే 225 నుండి 300 లీటర్ల వరకు ఖర్చవుతుంది. జల జీవన్ మిషన్ గ్రామీణ గృహాలకు నిర్దేశించిన ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. అంటే ఒక్క కారు స్నానానికి అయిదుగురు మనుషుల ఒక రోజు నీరు పోయినట్లు. ఇంటి వాడకపు ప్రెషర్ వాషర్ నిమిషానికి సుమారు 6 లీటర్లే తీసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కి ఉంచిన సమయం మొత్తం ఎనిమిది నిమిషాలైతే 48 లీటర్లతో పని ముగుస్తుంది. ఈ పొదుపు యంత్రం ఒక్కటే చేసేది కాదు, ట్రిగ్గర్ మీది వేలు చేసేది. షాంపూ రుద్దుతున్నంత సేపూ ధార వదిలిపెట్టేవారికి యంత్రం ఉన్నా ఒరిగేది తక్కువ.

అయితే రెండు మూడు బకెట్ల నీటితో, మెత్తని గుడ్డతో శ్రద్ధగా కడిగినా ఖర్చు దాదాపు ఇంతే. కనుక ఉత్త దుమ్ము పట్టిన కారుకు ప్రతి వారం యంత్రం బయటికి తీయవలసిన పని లేదు. వానాకాలంలో చక్రాల గూళ్ళలోను, కారు అడుగు భాగంలోను గట్టిపడే బురద సంగతి వేరు. అది చెమ్మను పట్టి ఉంచి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. అక్కడికి చేయి దూరదు, బకెట్టు నీరు చాలదు. ప్రెషర్ వాషర్‌కు సార్థకత అక్కడే.

వేసవి లెక్క మరొకటి. ఇక్కడి కొండల రాతికి భూగర్భ శాస్త్రంలో ఖోండలైట్ అని పేరు. ఈ కొండలలో నివసించే కోంధుల పేరు మీదుగానే ఆ పేరు వచ్చింది. ఇటువంటి గట్టి రాతి నేలలో నీరు పై పొరలలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే నిలుస్తుంది. అందుకే ఏప్రిల్, మే నెలలలో బోరులు నీరసిస్తాయి. ఆ రెండు నెలలు తడిపి పిండిన గుడ్డతో అద్దాలు, దీపాలు, నంబరు పలక తుడుచుకొని సరిపెట్టుకోవడం మేలు. పెద్ద నగరాలలో ఇది ఇప్పటికే చట్టం దాకా వెళ్ళింది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి వాహనాలు కడగడానికి తాగునీటిని వాడరాదని నిషేధించి, ఉల్లంఘించినవారికి 5,000 రూపాయల జరిమానా విధించింది.

ఇక యంత్రం సంగతి. జర్మనీకి చెందిన కేర్చర్ సంస్థ 1950లో వేడినీటి అధిక పీడన యంత్రాన్ని తయారు చేసింది. ఇంటి వాడకానికి తగిన చిన్న యంత్రాన్ని అదే సంస్థ 1984లో తెచ్చింది. విద్యుత్ మోటారుతో నడిచే పంపు నీటిని 100 బార్లకు పైబడిన పీడనంతో సన్నని నాజిల్ గుండా నెట్టడమే ఇందులోని కిటుకు. కారు టైరులోని గాలి పీడనం 2 బార్లకు కాస్త పైన ఉంటుందని గుర్తుంచుకుంటే ఈ ధార బలం అర్థమవుతుంది.

నాజిళ్ళు విడిగా వచ్చే యంత్రాలలో రంగును బట్టి ధార వెడల్పు తెలుస్తుంది. ఎరుపు నాజిల్‌ది సూది వంటి ధార, దానిని కారు దగ్గరికి తేకూడదు. పసుపు 15 డిగ్రీలు, ఆకుపచ్చ 25, తెలుపు 40. రంగు వేసిన భాగాలకు తెలుపు, చక్రాల గూళ్ళకు ఆకుపచ్చ సరిపోతాయి. నాజిల్‌కు, కారుకు మధ్య ఒక అడుగుకు తక్కువ కాకుండా దూరం ఉండాలి. టైర్ల విషయంలో ఈ దూరం మరీ ముఖ్యం. దగ్గరి నుండి తగిలిన ధార టైరు పక్క గోడను లోలోపల దెబ్బ తీస్తుంది. ఆ దెబ్బ పైకి కనిపించక, ఘాట్ రోడ్డు మీద బయటపడవచ్చు.

కారును నీడలో నిలిపి, ఇంజను చల్లారిన తరువాతే మొదలు పెట్టాలి. బురద ఎక్కువగా ఉన్నప్పుడు ముందు చక్రాల గూళ్ళు, అడుగు భాగం కడిగి, తరువాత పైకప్పు నుండి కిందికి రావాలి. ఎర్రమట్టి మొత్తం ధారతో జారిపోయే వరకు గుడ్డ ముట్టుకోకూడదు. ఇక్కడ చూపిన ఓర్పే రంగును కాపాడుతుంది. ఆ తరువాత కారు షాంపూ. బట్టల సబ్బు పొడి వాడితే రంగు మీది మైనపు పూత పోతుంది. షాంపూకు ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి మరొక బకెట్టు పెట్టుకుంటే రాలిన ఇసుక తిరిగి కారు మీదికి రాదు. చివరి ధార తరువాత వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. ఇనుము, సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీటిని దానంతట అది ఆరనిస్తే మచ్చలు మిగులుతాయి. తలుపుల రబ్బరు, రేడియేటర్ రేకులు, పార్కింగ్ సెన్సార్లు, పెచ్చు లేచిన రంగు, ఇంజను లోపలి తీగల మీద ధార పడనీయకండి. ఆఖరున కారును నాలుగడుగులు నడిపి బ్రేకు ఒకటి రెండు సార్లు నొక్కితే తడి ఆరుతుంది.

యంత్రంతో మనిషికి కలిగే అపాయం గురించి చాలామందికి తెలియదు. ఈ ధార చర్మాన్ని చీల్చి లోనికి పోగలదు. వేలి మీదనో పాదం మీదనో సూది పొడిచినంత గాయం కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట తక్కువే ఉండవచ్చు. లోపల మాత్రం నీరు, సబ్బు, మట్టి కండరాల మధ్యకు, నరాల మధ్యకు చేరి ఉంటాయి. పసుపు అద్ది కట్టు కట్టుకొని ఊరుకుంటే వేలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. గాయాన్ని పిండకుండా, చేతిని ఎత్తి పట్టుకొని, ఏమీ తినకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి. బిస్సమ్ కటక్‌లో 1954 నుండి సేవలందిస్తున్న క్రిస్టియన్ హాస్పిటల్ ఉండనే ఉంది. అధిక పీడన ధార తగిలిందని, అందులో ఏ ద్రవం కలిపారో వైద్యునికి మాటల్లో చెప్పాలి, గాయాన్ని చూసి వారికి అది తట్టకపోవచ్చు. కడిగేటప్పుడు హవాయి చెప్పులు కాక మూసిన బూట్లు వేసుకోవాలి. పిల్లల చేతికి గన్ ఇవ్వకూడదు, సరదాకైనా మనిషి వైపు, కుక్క వైపు తిప్పకూడదు.

ఈ యంత్రాలు 1,400 నుండి 1,800 వాట్ల కరెంటు తీసుకుంటాయి. భూమి తీగ గల 16 ఆంపియర్ల సాకెట్టు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ఆగిపోయే ఆర్.సి.సి.బి. లేని ఇంట్లో ఎలక్ట్రీషియన్‌ను పిలిచిన తరువాతే యంత్రం కొనడం మంచిది. వోల్టేజీ పడిపోయి మోటారు గుర్రుమంటూ తిరగకపోతే వెంటనే స్విచ్చి ఆపాలి. ఎక్స్‌టెన్షన్ తీగ కీలు తడి నేల మీద ఉండరాదు.

కడిగిన నీటిలో షాంపూ నురుగు, బ్రేకుల నుండి రాలిన లోహపు పొడి, నూనె చుక్కలు ఉంటాయి. సిమెంటు వాకిలి మీద కడిగితే అవన్నీ కాలువ దారిన నేరుగా వాగులో పడతాయి. నియమగిరి వాగులు వంశధారకు, నాగావళికి చేరే వాగులు. ఆ రెండు నదులు శ్రీకాకుళం జిల్లా పొలాలను తడిపి సముద్రంలో కలుస్తాయి. అంటే మన వాకిట వదిలిన నురుగు మన అత్తవారి ఊరి దిక్కుకే ప్రయాణిస్తుంది. అంతకంటే ముందు, ఇక్కడే వాగు దిగువన స్నానాలు చేసేవారు, నీళ్ళు తోడుకునేవారు ఉన్నారు. కారును నేరుగా వాగులోకి దింపి కడిగే అలవాటు కొందరికి ఉంది. ఇరుగుపొరుగు ఆదివాసీ గ్రామాలతో మన పొరుగుతనానికి అంతకంటే చేటు లేదు.

వాకిలి పక్కన గడ్డి నేల గాని కంకర నేల గాని ఉంటే కారును అక్కడ నిలిపి కడగండి. మట్టి ఆ మురికిని చాలా వరకు పట్టి ఉంచుతుంది. బావికి, బోరుకు మాత్రం దూరంగా ఉండాలి. నీరు గుంటగా నిలవకుండా వాలు చూసుకోండి. మలేరియాతో ఏళ్ళ తరబడి పోరాడుతున్న జిల్లా ఇది. వారం పది రోజులు నిలిచిన నీటిలో దోమ పిల్లలు పెరిగి ఎగిరిపోతాయి. ఇంజను జిడ్డు వదిలించే పని ఇంటి దగ్గర పెట్టుకోవద్దు, నూనెను నీటి నుండి వేరు చేసే తొట్టి ఉన్న సర్వీసు స్టేషనుకు అప్పగించండి.

పని అయ్యాక ముందు స్విచ్చి, తరువాత కుళాయి కట్టి, ట్రిగ్గర్ నొక్కి గొట్టంలో మిగిలిన పీడనాన్ని వదిలేయాలి. నీరు లోనికి వచ్చే చోట ఉండే చిన్న జాలీని విప్పి కడిగితే, బోరు నీటి వెంట వచ్చిన ఎర్రని ఒండ్రు చేతికి తగులుతుంది. పంపు సీళ్ళను అరగదీసేది అదే కనుక ప్రతిసారీ జాలీ కడిగిన తరువాతే యంత్రాన్ని అటక ఎక్కించండి.