ఫిజిక్స్ చదివితే చేతికి డబ్బు ఎప్పుడొస్తుంది?

ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల ఇంజినీరింగ్ వద్దు, భౌతికశాస్త్రవేత్తనవుతానంటే ఇంట్లో గుబులు మొదలవుతుంది. ఆ గుబులు సహజమే. అయితే లెక్క వేశాకే ఒక నిర్ణయానికి రండి.

ముందు కాలం సంగతి. డిగ్రీ, ఎమ్మెస్సీ కలిపి అయిదేళ్లు. విజ్ఞానశాస్త్ర విద్యకు కేంద్రం నెలకొల్పిన తిరుపతి ఐసర్‌లో ఈ రెండూ ఒకే కోర్సుగా ఉన్నాయి. ఆపై పీహెచ్‌డీకి సుమారు అయిదేళ్లు. 18కి మొదలుపెడితే 28 వస్తాయి.

పదేళ్లూ మనమే పోషించాలా? అక్కర్లేదు. ఇంటర్‌లో బోర్డు మొత్తం మీద పై 1 శాతంలో ఉన్నవారు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కు పోటీపడవచ్చు. ఏడాదికి రూ.80,000. అందులో వేసవి ప్రాజెక్టుకు 20,000 పోగా, ఖర్చులకు నెలకు 5,000 లెక్కన మిగులుతుంది.

పీహెచ్‌డీకి వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవారికిచ్చే నెలవారీ భృతి, సాధిస్తే 2023 జనవరి నుంచి అమలైన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత 42,000. అయిదేళ్లకు మొత్తం 24 లక్షలు. హాస్టల్ ఇవ్వకపోతే ఇంటద్దె భత్యం అదనం. కాకపోతే ఇది ఉద్యోగం కాదు, పీఎఫ్ ఉండదు. ఒక్కోసారి భృతి నెలల తరబడి ఆలస్యమవుతుంది కూడా. మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవడం మంచిది.

నన్నడిగితే అసలు ఆలోచించాల్సింది 28 తర్వాతి కాలం గురించి. శాశ్వత ఉద్యోగాలు తక్కువ. అందుకే చాలామంది పోస్ట్‌డాక్‌లు చేస్తారు. డాక్టరేట్ వచ్చాక రెండు మూడేళ్ల ఒప్పందంపై చేసే పరిశోధన అది. ఊరు మారాలి, తరచూ దేశమే మారాలి. పెళ్లి, తల్లిదండ్రుల ఆరోగ్యం, సొంతిల్లు అన్నీ సరిగ్గా ఆ వయసులోనే ఎదురొస్తాయి. ఇంట్లోవాళ్లు ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సింది దీని గురించే. విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం రూ.57,700తో మొదలవుతుంది. పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం ఉన్నవారికి ఐఐటీ, ఐసర్‌లలో అది 1,01,500. కరువు భత్యం వేరు.

అంతకాలం ఆగలేని కుటుంబమైతే? భాభా అణు పరిశోధన కేంద్రం ఎమ్మెస్సీ చేసినవారిని ఎంపిక చేసి ఏడాది శిక్షణ ఇస్తుంది. నెగ్గితే రూ.56,100 మూలవేతనంతో సైంటిఫిక్ ఆఫీసర్ అవుతారు. దాదాపు 24 ఏళ్లకే స్థిరమైన ఉద్యోగం, అదీ ఫిజిక్స్‌లోనే. తెలుగు ఇళ్లలో ఈ దారి గురించి ఇంకా ఎక్కువగా మాట్లాడుకోవాలి.

ఇక పీహెచ్‌డీకే వెళ్లాలనుకుంటే, గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన పాత విద్యార్థులను కలవండి. డిగ్రీ చేతికి రావడానికి ఎన్నేళ్లు పట్టిందో, ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో అడగండి.