ఏ కంపెనీ హార్డ్ డిస్క్ కొనాలి?

ఇంటి కంప్యూటర్‌కు హార్డ్ డిస్క్ కొనాలనుకోగానే తెలిసినవాళ్లు తలా ఒక మాట చెబుతారు. సీగేట్ జోలికి పోవద్దని ఒకరు, వెస్టర్న్ డిజిటల్ అయితే కళ్లు మూసుకుని కొనొచ్చని ఇంకొకరు. ఎవరిదీ అబద్ధం కాదు. కాకపోతే ఆ అనుభవం ఒకటి రెండు డిస్కులతో వచ్చింది.

అసలు ఎంచుకోవడానికి కంపెనీలే పెద్దగా మిగల్లేదు. మాక్స్‌టర్‌ను 2006లో సీగేట్ కొనేసింది. శాంసంగ్ వారి హార్డ్ డిస్కుల వ్యాపారం కూడా 2011లో దాని చేతికే వచ్చింది. ఐబీఎం వదిలించుకున్న విభాగాన్ని హిటాచీ తీసుకుంది; 2012లో ఆ హిటాచీ విభాగం వెస్టర్న్ డిజిటల్‌లో కలిసిపోయింది. ఫుజిట్సుది తోషిబాకు దక్కింది. ఇక మిగిలినవి సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా, ఈ మూడే. ఎక్స్‌టర్నల్ డిస్క్ డబ్బా మీద వేరే పేరున్నా లోపల ఉండేది వీటిలో ఒకదాని సరుకే.

డిస్క్ లోపలి సంగతి చూస్తే అది ఎందుకు పాడవుతుందన్న దానికంటే, ఇన్నేళ్లు ఎలా పనిచేస్తుందన్నదే ఆశ్చర్యం. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం అంచు గంటకు సుమారు 130 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. దానిపై చదివే, రాసే హెడ్ కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. తల వెంట్రుక మందం దానికి కొన్ని వేల రెట్లు. కరెంటు పోయిందనుకోండి, ఇంకా తిరుగుతున్న మోటారే కాసేపు జనరేటర్‌గా మారి, హెడ్‌ను పళ్లెం మీద నుంచి తప్పించడానికి సరిపడా విద్యుత్తు ఇస్తుంది. ఇంత సున్నితమైన యంత్రం తయారీలో ఎక్కడో చిన్న తేడా వచ్చినా ఆ మోడల్ మొత్తానికీ జబ్బు పట్టుకుంటుంది. ఎంత పేరున్న కంపెనీ అయినా దీనికి అతీతం కాదు. మొట్టమొదటి హార్డ్ డిస్క్‌ను 1956లో లోకానికిచ్చిన ఐబీఎం సంస్థే, 2000లో తెచ్చిన డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ మోడల్ వల్ల మరుసటి ఏడాది కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

వేలాది డిస్కులను ఏళ్ల తరబడి నడిపి, లెక్కలు బయటపెట్టినవాళ్లు అరుదు. అమెరికాలో ఆన్‌లైన్ బ్యాకప్ సేవలు అందించే బ్యాక్‌బ్లేజ్ 2013 నుంచి ఆ పని చేస్తోంది. అందులో అందరూ చెప్పుకునే ఉదంతం ఎస్‌టీ3000డీఎం001. లేబుల్ మీద ఉండే ఈ నంబరును విప్పి చదవడం తేలికే: ఎస్‌టీ అంటే సీగేట్, 3000 అంటే గిగాబైట్లు, డీఎం అంటే డెస్క్‌టాప్ రకం. 2014లో బ్యాక్‌బ్లేజ్ దగ్గర ఈ 3 టీబీ మోడల్ వైఫల్యం 43 శాతం. మరి అదే సీగేట్ వారి 4 టీబీ డెస్క్‌టాప్ మోడల్? అదే ఏడాది, అదే సంస్థలో 3 శాతం లోపే! థాయిలాండ్‌లో 2011 వరదలకు కర్మాగారాలు మునిగి డిస్కులకు కటకట ఏర్పడినప్పుడు బ్యాక్‌బ్లేజ్ ఎక్స్‌టర్నల్ డిస్కులు కొని, డబ్బాలు విప్పి మరీ వాడిందనీ, ఇళ్లలో కంటే వాటి మీద భారం ఎక్కువనీ గుర్తుంచుకోవాలి. అయినా ఒకే కంపెనీ వారి రెండు మోడళ్ల మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు కంపెనీ పేరు చూసి తీర్పు చెప్పడంలో అర్థం లేదు.

కంపెనీలు ముద్రించే 10 లక్షల గంటల సగటు ఆయుష్షును కూడా నమ్ముకోకూడదు. ఆ లెక్కన ఏడాదికి 0.88 శాతం డిస్కులే పోవాలి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో చూస్తే 2 నుంచి 4 శాతం మామూలుగా పోతున్నాయి. అదే ఏడాది గూగుల్ తన లక్షకు పైగా డిస్కులను పరిశీలించింది. పాడైనవాటిలో మూడో వంతుకు పైగా స్మార్ట్ అనే స్వీయ పరీక్షలో ఏ లోపమూ చూపకుండానే పోయాయి. కాబట్టి ఏ డిస్కైనా చెప్పాపెట్టకుండా పోవచ్చనుకునే కొనాలి.

మరి దేన్ని చూసి కొనాలి? ముందుగా వారంటీ. రెండేళ్లిచ్చే మోడల్‌కూ ఐదేళ్లిచ్చే మోడల్‌కూ ధరలో తేడా ఉంటుంది, కానీ ఆ మోడల్ మీద కంపెనీకే ఎంత నమ్మకముందో తెలిపేది అదే. తర్వాత చూడాల్సింది రికార్డింగ్ పద్ధతి. ఎస్‌ఎంఆర్ రకంలో ట్రాకులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచు మీదికి ఒకటి వస్తాయి. అందుకే పాత సమాచారం మీద తిరగరాయాలంటే పక్క ట్రాకులూ మళ్లీ రాయాల్సి వచ్చి డిస్క్ నెమ్మదిస్తుంది. వెస్టర్న్ డిజిటల్ కొన్ని రెడ్ మోడళ్లను, వాటిలో ఎస్‌ఎంఆర్ వాడిన సంగతి చెప్పకుండా అమ్మి 2020లో చీవాట్లు తింది. ఫొటోలు దాచుకోవడానికైతే ఎస్‌ఎంఆర్ ఫర్వాలేదు, రోజూ రాసి చెరిపే పనికైతే ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి రాని సీఎంఆర్ రకం తీసుకోవాలి. విండోస్ నడపడానికైతే ఎటూ తిరిగే పళ్లేలు లేని ఎస్‌ఎస్‌డీయే నయం.

ఇంకో జాగ్రత్త, వాడేసిన సరుకు. డేటా సెంటర్లలో వేల గంటలు తిరిగిన సీగేట్ డిస్కులను, ఆ గంటల లెక్క చెరిపేసి కొత్తవిగా అమ్మిన సంగతి 2025 ఆరంభంలో జర్మనీలో బయటపడింది. సికింద్రాబాద్ సీటీసీలోని కంప్యూటర్ దుకాణాల్లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా సీరియల్ నంబరుతో కంపెనీ సైట్‌లో వారంటీ సరిచూసుకోండి. వాపసు ఇచ్చే గడువు దాటకముందే డిస్క్‌ను ఒకసారి నిండా నింపి చూడండి. డబ్బు మిగిలితే ఖరీదైన ఒక్క డిస్క్‌కు బదులు, రెండు కంపెనీల నుంచి రెండు మామూలు డిస్కులు కొని పిల్లల ఫొటోలు రెంటిలోనూ దాచండి. అందులో ఒకదాన్ని కంప్యూటర్ నుంచి విడదీసి బీరువాలో పెట్టండి.