ఆస్పత్రి బోర్డు మీది పేరు

మొన్న చిక్కడపల్లి మార్కెట్లో కూరలు కొనుక్కుని వస్తుంటే మా పక్కవాటా కోడలుపిల్ల ఎదురైంది. "విద్యానగర్ దుర్గాబాయి ఆస్పత్రికి వెళ్లొస్తున్నా పిన్నిగారూ! ఆవిడ చాలా పెద్ద డాక్టరట కదండీ?" అంది. నాకు నవ్వూ వచ్చింది, కాస్త బాధా కలిగింది. మనలో ఎంతమంది పురుళ్లకనీ, పిల్లల జ్వరాలకనీ ఆ గేటులో అడుగుపెట్టి ఉంటామో! బోర్డు మీద పేరు చదువుతాం, టోకెన్ తీసుకుంటాం, అంతే. ఆవిడ డాక్టరు కారమ్మా, లాయరు. మన రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్న 15 మంది ఆడవాళ్లలో ఒకరు.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. పదిహేనేళ్ల వయసులో ఆమె ఆ పెళ్లి తనకు వద్దని చెప్పేశారు. ఆ రోజుల్లో ఆ మాట అన్న పిల్లకి పుట్టింట్లో చోటుండడమే గొప్ప. ఈమెకు తండ్రి, తమ్ముడు అండగా నిలబడ్డారు. ఆ తరువాత ఆయన మరో పెళ్లి చేసుకున్నారు, కొన్నేళ్లకు కాలం చేశారు. అప్పుడు దిక్కులేకుండా మిగిలిన ఆ రెండో భార్యను దుర్గాబాయిగారే తన దగ్గరకు తెచ్చుకుని, పని నేర్పించి, తన కాళ్లమీద నిలబడేలా చేశారు. ఆవిడ పదవులన్నిటికన్నా నాకీ సంగతే ఎక్కువ గుర్తుంటుంది.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర టిక్కెట్లు చూసే పని ఈ పద్నాలుగేళ్ల పిల్లకి అప్పగించారు. నెహ్రూగారు టిక్కెట్టు లేకుండా వస్తే లోపలికి పోనివ్వలేదు! పెద్దలు పరుగెత్తుకొచ్చి టిక్కెట్టు తెచ్చిచ్చాకే వదిలింది. ఆయనకు కోపం రాలేదు సరికదా, మెచ్చుకున్నారు.

ఉప్పు సత్యాగ్రహంలో మదరాసులో అరెస్టయి, 1930కీ 1933కీ మధ్య మూడుసార్లు జైలుకు వెళ్లారు. మధుర జైల్లో ఒంటరి కొట్లో ఉంచారు. అక్కడ హత్యానేరాల మీద శిక్ష పడ్డ ఆడవాళ్లతో మాట్లాడే అవకాశం కలిగింది. చదువులేక, తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియక శిక్ష పడ్డవాళ్లు వాళ్లలో ఎందరో. ఇలాంటివాళ్ల కోసమే తను లా చదవాలి అని ఆమె అక్కడే అనుకున్నారు.

అనుకోవడం తేలికే. అప్పటికి ఆమెకు మెట్రిక్ కూడా లేదు. పాతికేళ్లకు అటూ ఇటూగా పుస్తకాలు ముందేసుకుని, ప్రైవేటుగా కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ కట్టారు. ఆపైన ఇంటర్. నేను మెట్రిక్ దగ్గరే ఆగిపోయినదాన్ని గనుక చెబుతున్నా, ఒకసారి వదిలేసిన లెక్కల పుస్తకం మళ్లీ తెరవడమంటే మాటలు కాదు.

బి.ఏ. కోసం వాల్తేరు వెళితే ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి చేర్చుకోలేమన్నారు. ఆవిడ ఏం చేశారనుకున్నారు? చదువుకోవాలని ఉండీ హాస్టల్ లేక ఆగిపోయిన ఆడపిల్లలు తనకు రాయమని పత్రికలో ప్రకటన వేయించారు. వచ్చినవాళ్లను కూడగట్టి తామే హాస్టల్ పెట్టుకున్నారు. ఇక కాదనడానికి యూనివర్సిటీకి సాకే లేకపోయింది. ఇవాళ అశోక్‌నగర్‌లో ఏ సందులో చూసినా ఆడపిల్లల హాస్టల్ బోర్డులే. ఆ రోజుల్లో మన నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారి బాలికల పాఠశాల పెట్టి ఇంకా పదేళ్లయినా నిండలేదేమో, అది 1928 నాటిది.

1942లో లా పూర్తిచేసి మదరాసులో ప్రాక్టీసు పెట్టారు. ఈలోగా తన దగ్గరకొచ్చే ఆడపిల్లల్ని మెట్రిక్‌కి చదివించడంతో మొదలైన పని 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపుకట్టింది. మన విద్యానగర్ ఆస్పత్రీ, యూనివర్సిటీ రోడ్డులోని కాలేజీలూ ఆ సభవే.

ఇలాంటి వాళ్లు మన దేశంలోనే కాదు. ఆఫ్రికాలో నైజీరియా దేశాన ఫున్మిలాయో రాన్సమ్ కుటీ అనే పంతులమ్మ కూడా బజారులో సరుకులమ్ముకునే ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతూనే రాజకీయాల్లోకి దిగింది. ఆడవాళ్ల మీద వేసిన పన్నుకు వ్యతిరేకంగా ఆమె వేలమందిని కదిలిస్తే, 1949లో అక్కడి రాజు గద్దె దిగిపోవాల్సి వచ్చింది.

రాజ్యాంగ సభకు దుర్గాబాయిగారు 1946లో వచ్చారు. రాజ్యసభ సభ్యులకు కనీసం 35 ఏళ్లుండాలని ముసాయిదా అంటే, 30 చాలని ఈవిడ సవరణ పెట్టారు, నెగ్గింది. ఆడపిల్లకు ఆస్తిహక్కు ఉండాలని గట్టిగా వాదించారు. ఇంతచేసినా 1952 ఎన్నికల్లో పార్లమెంటుకు గెలవలేకపోయారు. ఓడిపోయాను గదా అని ఇంట్లో కూర్చోలేదు. ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెడితే దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ ఏడు జనవరిలోనే ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌గారిని పెళ్లి చేసుకున్నారు. సాక్షి సంతకం ఎవరిదో తెలుసా? టిక్కెట్టు లేక గేటు బయట నిలబడ్డ నెహ్రూగారిదే!

ఆ బోర్డు 1958లో ఒక కోర్సు మొదలుపెట్టింది. చదువు మధ్యలో ఆగిన పెద్దవయసు ఆడవాళ్లకి రెండేళ్లలో పాఠాలన్నీ చెప్పి పరీక్షకు కూర్చోబెట్టడం. ఆవిడ మెట్రిక్ కట్టిన తీరే కదండీ అది! మొగుడూ పెళ్లాల తగాదాలకు వేరే కోర్టులుండాలని చైనా వెళ్లి చూసొచ్చి 1953లోనే చెప్పారు. ఆ చట్టం 1984లో గాని రాలేదు. అప్పటికి ఆవిడ పోయి మూడేళ్లు. 1981 మే 9న కన్నుమూశారు.

ఇదంతా చెబుతుంటే ఆ కోడలుపిల్ల కూరల సంచీ కింద పెట్టేసి వింది. తనది పదో తరగతి మధ్యలో ఆగిపోయిందట, ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఓపెన్ స్కూల్లో ఈ వయసులోనూ కట్టొచ్చని చెప్పాను. "లెక్కలెవరు చెబుతారు పిన్నిగారూ?" అంది. ఆ ఒక్కటీ నన్నడక్కు అని, సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకునే పిల్లల్ని కనుక్కుందామన్నాను.