ఊరి కింద ఊరు

పిల్లలూ, మీరుండే చోట పాత ఇల్లు పడగొడితే ఏం చేస్తారు? ఆ ఇటుకలు, మట్టి అన్నీ లారీలో వేసి తీసుకెళ్ళిపోతారు. మరి పూర్వం లారీలు లేవు కదా! మట్టి ఇల్లు కూలిపోతే, ఆ మట్టినే చదును చేసి దాని మీద కొత్త ఇల్లు కట్టుకునేవారు. అది కూలితే దాని మీద ఇంకొకటి. ఇలా వందల ఏళ్ళు జరిగేసరికి నేల ఎత్తుగా పెరిగి చిన్న గుట్టలా అవుతుంది. దాన్ని తెలుగులో పాటిదిబ్బ అంటాం.

మీ నోటు పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. అన్నిటికంటే ముందు పెట్టింది అడుగున ఉంటుంది. దిబ్బ కూడా అంతే. పైపొర కొత్తది, అడుగుపొర పాతది. అందుకే తవ్వేవాళ్ళు గబగబా తవ్వేయరు. ఒక్కో పొర నెమ్మదిగా తీసి, ఏ వస్తువు ఏ పొరలో దొరికిందో రాసుకుంటారు.

రాఖీగఢీ

హర్యానా రాష్ట్రం హిసార్ జిల్లాలో రాఖీగఢీ అనే ఊరుంది. ఢిల్లీ నుంచి సుమారు 150 కిలోమీటర్లు. అక్కడ ఒకటి కాదు, చాలా దిబ్బలున్నాయి. వాటిని అక్కడివాళ్ళు 'టీలా' అంటారు. ఆ దిబ్బల కింద సుమారు 4,500 ఏళ్ళ నాటి పెద్ద నగరం ఉంది. హరప్పా, మొహెంజొదారో కట్టినవాళ్ళ నాగరికతే ఇదీ.

1997లో భారత పురావస్తు శాఖ ఇక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టింది. ఇటుక ఇళ్ళు, వీధులు, మురికినీరు పోయే కాలువలు, రంగురాళ్ళతో పూసలు చేసిన చోటు, ముద్రలు బయటపడ్డాయి. ఆ ముద్రల మీది రాతను ఇప్పటిదాకా ఎవరూ చదవలేకపోయారు. శ్మశానంలో చేతికి గాజులతో ఉన్న అస్థిపంజరాలు కూడా దొరికాయి. అంటే అప్పటివాళ్ళూ మనలాగే గాజులు వేసుకునేవారన్నమాట!

మరి ఇప్పటి ఊరు?

ఇక్కడే ఉంది అసలు చిక్కు. కొన్ని దిబ్బల మీద ఇప్పుడు జనం ఇళ్ళున్నాయి. వాళ్ళ తాతముత్తాతలు కట్టుకున్న ఇళ్ళు అవి. దిబ్బల మీదే పశువులను కట్టేస్తారు, పిడకలు ఆరబెడతారు. వాన పడి మట్టి కొట్టుకుపోతే పాత కుండపెంకులు పైకి తేలుతాయి.

నగరాన్ని పూర్తిగా చూడాలంటే తవ్వాలి. తవ్వాలంటే ఇళ్ళు ఖాళీ చేయాలి. పైగా చట్టం ప్రకారం, రక్షిత స్థలానికి 100 మీటర్ల లోపు కొత్త ఇల్లు కట్టకూడదు. కొడుక్కి పెళ్ళయి ఇంకో గది వేసుకోవాలన్నా కుదరదు. తవ్వకపోతే పాత ఊరి కథ తెలియదు. తవ్వితే ఇప్పటి ఊరి కథ చెదిరిపోతుంది. రెండూ మనుషులు బతికిన ఊళ్ళే కదా!

మన తెలుగునాట కూడా ఇలాంటి చోట్లున్నాయి. కృష్ణ ఒడ్డున అమరావతి పక్కనే ఉన్న ధరణికోట అలాంటిదే. శాతవాహనుల నాటి నగరం ఉన్న చోటే ఇప్పుడు ఆ ఊరుంది. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు, మీ ఊళ్ళో పాటిదిబ్బ ఉందేమో అమ్మమ్మనో, తాతయ్యనో అడగండి.

కొత్త మాటలు
చదును చేయడం – ఎగుడుదిగుడు లేకుండా సమంగా చేయడం
తవ్వకాలు – పాత వస్తువుల కోసం నేలను తవ్వి చూడడం
పిడకలు – పేడతో చేసి ఎండబెట్టిన వంటచెరకు
కుండపెంకు – పగిలిన కుండ ముక్క

ఆలోచించి చెప్పండి
1. దిబ్బలో అడుగుపొర ఎందుకు పాతది?
2. ఏ వస్తువు ఏ పొరలో దొరికిందో ఎందుకు రాసుకుంటారు?
3. మీరే రాఖీగఢీ సర్పంచ్ అయితే ఏం చేస్తారు? ఐదు వాక్యాలు రాయండి.