కక్ష్యలోని చెత్తపై శ్రీహరికోట నిఘా

భూమికి దగ్గరి కక్ష్యల్లో తిరిగే ప్రతి వస్తువూ సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. పనిచేసే ఉపగ్రహమైనా, ఆయుష్షు తీరిన ఉపగ్రహమైనా, పేలిన రాకెట్ నుంచి ఊడిన రేకు ముక్కయినా అంతే. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద, సుమారు 790 కి.మీ. ఎత్తున, అమెరికా ఉపగ్రహం ఇరిడియం-33నూ మూలనపడిన రష్యా ఉపగ్రహం కాస్మోస్-2251నూ ఈ వేగమే తుత్తునియలు చేసింది. రాడార్లకు చిక్కేంత పెద్ద శకలాలే రెండు వేలకు పైగా లెక్కతేలాయి. అంత ఎత్తున గాలి నామమాత్రం కాబట్టి అవి దిగిరావడానికి దశాబ్దాలు పడుతుంది.

ఈ కక్ష్యల్లో పది సెంటీమీటర్లు దాటిన వస్తువుల్లో చాలావాటిని నేలమీది రాడార్లు కనిపెట్టి జాబితాకు ఎక్కిస్తాయి. అంతకన్నా చిన్నవి ఎక్కువగా కంటపడవు; ఉపగ్రహాన్ని పాడుచేసే సత్తా మాత్రం వాటికీ ఉంది. భారత్ ప్రధానంగా అమెరికా జాబితాపై ఆధారపడుతూనే సొంత నిఘానూ పెంచుకుంటోంది. తిరుపతి జిల్లా శ్రీహరికోటలోని మల్టీ ఆబ్జెక్ట్ ట్రాకింగ్ రాడార్ అందులో ముఖ్యమైనది. యాంటెన్నాను కదపకుండానే తరంగాల దిశను ఎలక్ట్రానిక్ పద్ధతిలో మార్చుకోగలదు కాబట్టి, ఇది ఒకేసారి పది వస్తువులను వెంబడిస్తుంది.

వస్తువు ఇప్పుడు ఎక్కడుందో తెలిస్తే సరిపోదు. మూడు రోజుల తర్వాత ఎక్కడుంటుందో చెప్పడమే అసలు కష్టం. సూర్యుడు ఉద్ధృతంగా ఉన్నప్పుడు పై వాతావరణం ఉబ్బుతుంది, గాలి రాపిడి పెరుగుతుంది, నిన్న వేసిన లెక్క తప్పుతుంది. అందుకే హెచ్చరిక ఎప్పుడూ ఢీకొనే అవకాశం ఎంత అనే రూపంలోనే వస్తుంది. గడువు దగ్గరపడేకొద్దీ కొలతలు మళ్లీ తీసుకుంటారు. ముప్పు తగ్గకపోతే ఉపగ్రహంలోని చిన్న ఇంజిన్లను కాసేపు మండించి దారి మళ్లిస్తారు. అలా మళ్లించిన ప్రతిసారీ ఇంధనంతోపాటు ఉపగ్రహం ఆయుష్షూ కొంత తరిగిపోతుంది.

ప్రయోగానికి ముందూ ఇదే లెక్క. 2023 జులై 30న పీఎస్‌ఎల్‌వీ-సీ56 ఉదయం 6.30కు లేవాల్సింది. దాని కక్ష్యకు దగ్గరగా ఒక శకలం రానున్నదని తేలడంతో 6.31కి ప్రయోగించారు. ఆ ఒక్క నిమిషంలో శకలం వందల కిలోమీటర్లు దాటిపోతుంది.

ఎంత నిఘా ఉన్నా, కొత్త చెత్త చేరుతూ ఉంటే ఫలితం ఉండదు. ఈ సంగతి ఇస్రోకు సొంత అనుభవమే నేర్పింది. 2001 డిసెంబరులో, ఉపగ్రహాలను కక్ష్యలో వదిలాక అక్కడే ఉండిపోయిన పీఎస్‌ఎల్‌వీ-సీ3 నాలుగో దశ పేలి 371 శకలాలైంది. ఆ తర్వాత, పని ముగిసిన దశలో మిగిలిన ఇంధనాన్ని బయటికి వదిలి, పేలే వీలు లేకుండా చేయడం మొదలుపెట్టారు. 2024 జనవరి 1న ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 విషయంలో ఇంకో అడుగు ముందుకు వేశారు. 650 కి.మీ. ఎత్తున వదిలేస్తే దశాబ్దాలు తిరగాల్సిన నాలుగో దశను 350 కి.మీ.కు దించి, ప్రయోగాలకు వేదికగా వాడుకున్నారు. అది క్రమంగా కిందికి జారుతుంటే శ్రీహరికోట రాడార్ మార్చి 21 ఉదయం దాకా గమనిస్తూ వచ్చింది. ఆ రోజే అది ఉత్తర పసిఫిక్ మీద వాతావరణంలోకి ప్రవేశించింది. 2030 నాటికి దేశంలోని ప్రభుత్వ, ప్రైవేటు ప్రయోగాలన్నీ ఇలాగే చెత్త మిగల్చకుండా ముగియాలన్నది ఇస్రో పెట్టుకున్న లక్ష్యం.