ట్రాంబోన్‌పై మంద్రస్థాయి సాధన

ట్రాంబోన్‌లో పై స్వరాలే కష్టమనీ, కింది స్వరాలు వాటంతట అవే పలుకుతాయనీ కొత్తగా నేర్చుకునేవారిలో ఒక నమ్మకం ఉంటుంది. అయితే మంద్రస్థాయిలో ఏదో ఒక ధ్వని తెప్పించడం ఒక ఎత్తు. దాన్ని నిండుగా, శ్రుతి తప్పకుండా, తాళం అడిగిన క్షణానికే పలికించడం మరో ఎత్తు. రెండోది రావాలంటే వాయిద్యం అడుగున ఏం జరుగుతుందో ముందు తెలియాలి.

ఎక్కువగా వాడుకలో ఉన్న టెనర్ ట్రాంబోన్ బి ఫ్లాట్ వాయిద్యం. దాని గొట్టం మొత్తం పొడవు దాదాపు 2.7 మీటర్లు. స్లైడ్ పూర్తిగా లోపల ఉంటే మొదటి పొజిషన్. బయటికి జరుపుతూ పోతే ఒక్కో అర్ధస్వరం చొప్పున దిగుతూ ఏడో పొజిషన్ దాకా వెళ్లవచ్చు. చెయ్యి కదపకుండా ఒకే పొజిషన్‌లో పెదవుల బిగువు మార్చి కూడా అనేక స్వరాలు పలికించవచ్చు. మొదటి పొజిషన్‌లో అట్టడుగున ఉన్నది సెకనుకు 58 కంపనాల బి ఫ్లాట్. దానిపైది సరిగ్గా రెట్టింపు, అంటే 117 కంపనాల బి ఫ్లాట్. ఆ పైన 175 దగ్గర ఎఫ్, 233 దగ్గర మళ్లీ బి ఫ్లాట్ వస్తాయి. పైకి పోయేకొద్దీ స్వరాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, కిందికి వచ్చేకొద్దీ ఎడం పెరుగుతుంది. అడుగున ఉన్న రెండింటి మధ్య ఏకంగా ఒక స్థాయి ఖాళీ ఉంది. ఏడు పొజిషన్లూ కలిసి ఆ ఖాళీలో సగమే నింపగలవు. 117 నుంచి స్లైడ్ జరుపుతూ దిగితే 82 కంపనాల ఇ దగ్గర చెయ్యి ఇక సాగదు. దాని కింద ఉండాల్సిన ఇ ఫ్లాట్, డి, డి ఫ్లాట్, సి, బి అనే ఐదు స్వరాలు మామూలు టెనర్ ట్రాంబోన్‌లో లేనట్టే. ఆ తర్వాత స్లైడ్ మళ్లీ లోపలికి వచ్చి 58 కంపనాల బి ఫ్లాట్ అందుకుంటుంది. అక్కడి నుంచి ఏడో పొజిషన్‌లో 41 కంపనాల ఇ దాకా ఉన్నవాటిని పెడల్ స్వరాలంటారు.

పెడల్ స్వరాల్లో ఒక వింత ఉంది. గొట్టానికి 117, 175, 233 కంపనాల దగ్గర సహజమైన అనునాదాలు ఉన్నాయి గానీ, సరిగ్గా 58 దగ్గర లేదు. అన్నిటికన్నా కింది అనునాదం ఇంకా దిగువన, దాదాపు 40 కంపనాల దగ్గర ఉంటుంది. అయినా 58 కంపనాల బి ఫ్లాట్ పలకడానికి కారణం దాని రెట్టింపులూ మూడింతలూ నాలుగింతలూ గొట్టంలో చక్కగా మోగడం. పై అనునాదాలన్నీ కలిసి ఆ స్వరాన్ని నిలబెడతాయి. సొంత ఆధారం లేని స్వరం గనక పెదవులు ఎటు లాగితే అటు జారిపోతుంది. మధ్యస్థాయిలో వాయిద్యం వాదకుడి పొరపాటును కొంత సర్దుకుంటుంది. పెడల్ దగ్గర ఆ సాయం చాలా తక్కువ.

మధ్యలో లేని ఆ ఐదు స్వరాల కోసం వచ్చినదే ట్రిగ్గర్. 1839లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో క్రిస్టియన్ ఫ్రీడ్రిఖ్ సాట్లర్ అనే వాయిద్యాల తయారీదారు బి ఫ్లాట్ ట్రాంబోన్‌కు ఒక వాల్వ్ అమర్చాడు. ఎడమ బొటనవేలితో మీట నొక్కితే దాదాపు 90 సెంటీమీటర్ల అదనపు గొట్టం దారిలోకి వచ్చి వాయిద్యం ఎఫ్‌కు దిగుతుంది. అయితే పొడవైన గొట్టంలో అర్ధస్వరానికి జరపాల్సిన దూరమూ పెరుగుతుంది. ట్రిగ్గర్ లేనప్పుడు మొదటి నుంచి రెండో పొజిషన్‌కు దాదాపు 8 సెంటీమీటర్లు జరిపితే చాలు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు 11 సెంటీమీటర్లు కావాలి. అందువల్ల స్లైడ్‌లో ఏడు పొజిషన్లు పట్టవు, ఆరే పడతాయి. ఆరోది, అంటే సి స్వరం, స్లైడ్ చివరంటా వస్తే తప్ప దొరకదు. బి స్వరానికి ముప్పావు మీటరు దాకా జరపాలి, స్లైడ్ అంత పొడవు ఉండదు. బార్టోక్ 1943లో రాసిన ‘కన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా’లో బాస్ ట్రాంబోన్ సరిగ్గా ఆ బి నుంచి ఎఫ్ దాకా ఒకే జారుడుగా పాకాలి. అప్పట్లో వాడుకలో ఉన్న ఎఫ్ బాస్ ట్రాంబోన్‌కు అది ఏడో పొజిషన్ నుంచి మొదటికి ఒక్క కదలిక. నేటి వాయిద్యంపై దానికోసం రకరకాల ఉపాయాలు వెతుక్కోవాల్సి వస్తుంది. ఇప్పటి బాస్ ట్రాంబోన్ గొట్టం పొడవు టెనర్‌తో సమానమే. గొట్టం వెడల్పు, బెల్, మౌత్‌పీస్ మాత్రం పెద్దవి. రెండో వాల్వ్ కూడా ఉండడం వల్ల ఆ బి లోటు తీరుతుంది.

ఇక శరీరం సంగతి. 58 కంపనాల స్వరం రావాలంటే పెదవులు సెకనుకు 58 సార్లే తెరుచుకుని మూసుకోవాలి. అందుకు అవి మందంగా, వదులుగా, ఎక్కువ భాగం కదిలేలా ఉండాలి. మౌత్‌పీస్ లోపలి పెదవులు వదులు కావాలి గానీ నోటి మూలలు వదులు కాకూడదు. మంద్రసాధనలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. మూలలు జారితే బుగ్గలు ఉబ్బుతాయి, గాలి పక్కల నుంచి కారిపోతుంది, స్వరం బొంగురుపోతుంది. కింది దవడ నెమ్మదిగా కిందికీ కాస్త ముందుకీ దిగాలి, పళ్ల మధ్య ఎడం పెరగాలి, నాలుక అడుగున పడుకోవాలి. నోటిలోపల ‘ఓ’ అనేటప్పుడు ఉండే ఆకారం వస్తే చాలు.

గాలి విషయంలో పై స్వరాలకూ కింది స్వరాలకూ అవసరాలు తలకిందులు. పైన ఒత్తిడి ఎక్కువ, ఖర్చయ్యే గాలి తక్కువ. కింద ఒత్తిడి తక్కువ, గాలి చాలా ఎక్కువ. గట్టిగా ఊదిన పెడల్ స్వరం కొద్ది సెకన్లకే ఊపిరితిత్తులను ఖాళీ చేస్తుంది. కింది స్వరం రాకపోతే ఇంకా గట్టిగా ఊదాలనిపించడం సహజమే, కానీ ఆ ఒత్తిడికి పెదవులు బిగుసుకుని స్వరం పై బి ఫ్లాట్‌కు ఎగిరిపోతుంది. కావాల్సింది అద్దం మీద ఆవిరి పట్టేలా వదిలే వెచ్చని, వెడల్పైన శ్వాస. షికాగో సింఫనీలో 1944 నుంచి 1988 వరకు ట్యూబా వాయించిన ఆర్నాల్డ్ జేకబ్స్ దగ్గరికి ట్రాంబోన్, ట్రంపెట్, హార్న్ వాదకులు శ్వాస నేర్చుకోవడానికే వెళ్లేవారు. కండరాల లెక్కలు వేసుకుంటూ కూర్చోవద్దనీ, మనసులో స్వరాన్ని ముందు విని దానికి గాలి ఇవ్వమనీ ఆయన చెప్పేవాడు. మంద్రస్థాయికి అంతకన్నా పనికొచ్చే బోధ దొరకదు.

సాధన మధ్యస్థాయి నుంచే మొదలవ్వాలి. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ సంగీత పాఠశాలలో 1922 నుంచి 1971 వరకు బోధించిన ఎమరీ రెమింగ్టన్ పేరుతో ఒక వరస ప్రపంచమంతా వాడుకలో ఉంది. సులువుగా పలికే స్వరం ఒకటి తీసుకుని, అర్ధస్వరం దిగి మళ్లీ దాని దగ్గరికి రావాలి. తర్వాత రెండు అర్ధస్వరాలు దిగి రావాలి, తర్వాత మూడు, అలా ఏడో పొజిషన్ దాకా. దీన్ని 117 కంపనాల బి ఫ్లాట్ మీద మొదలుపెడితే ఇ దగ్గర ముగుస్తుంది. ప్రతి స్వరానికీ నాలుగు లెక్కలు, మెట్రోనోమ్ నిమిషానికి 60, ధ్వని మధ్యస్థం. బి ఫ్లాట్‌కు ఎంత నిండుతనం ఉందో ఇ కూడా అంత నిండుగా ఉందా అన్నది చెవి పెట్టి వినాలి. సాధారణంగా జి దాటాక ధ్వని పలచబడుతుంది. అక్కడ ఆగి, జి నుంచి జి ఫ్లాట్‌కు, మళ్లీ వెనక్కి, దవడ కదిలిందో లేదో తెలియనంత మెల్లగా పదేపదే జారాలి. ఆ ఒక్క అడుగు కుదిరాకే తర్వాతి స్వరం.

ట్రిగ్గర్ ఉన్నవారు అదే ఊపులో ఇ ఫ్లాట్, డి, డి ఫ్లాట్, సి దాకా దిగవచ్చు. ముందుగా ఎఫ్‌ను రెండు రకాలుగా పలికించి పోల్చుకోవడం మంచి అలవాటు: ట్రిగ్గర్ లేకుండా ఆరో పొజిషన్‌లో ఒకసారి, ట్రిగ్గర్‌తో మొదటి పొజిషన్‌లో ఒకసారి. రెండింటి ధ్వనీ ఒకేలా ఉంటే గాలి సరిగ్గా వెళ్తున్నట్టు. ట్రిగ్గర్‌తో పలికినది మూసుకుపోయినట్టు వినిపిస్తే, మెలికల గొట్టంలోకి ఇంకాస్త గాలి కావాలి. న్యూయార్క్ ఫిల్హార్మానిక్‌లో బాస్ ట్రాంబోన్ వాయించిన అలెన్ ఆస్ట్రాండర్ ట్రిగ్గర్ పొజిషన్ల కోసమే ప్రత్యేకంగా అభ్యాసాల పుస్తకం కూర్చాడు.

ట్రిగ్గర్ లేనివారికీ దారి ఉంది. ఖాళీలోని స్వరాలను పెదవుల బలంతోనే పలికించవచ్చు. ఇ ఫ్లాట్ మొదటి పొజిషన్‌లో, డి రెండో పొజిషన్‌లో, అలా బి ఐదో పొజిషన్‌లో దొరుకుతాయి. వీటిని దొంగస్వరాలనవచ్చు. గొట్టం సాయం అంతంతమాత్రం కాబట్టి ధ్వని మసకగా ఉంటుంది, కచేరీకి పెద్దగా పనికిరాదు. సాధనకు మాత్రం ఇవి బంగారం. ఆధారం లేనిచోట స్వరాన్ని నిలబెట్టడం వచ్చిన పెదవులకు పెడల్ స్వరాలు తేలిక అవుతాయి.

పెడల్‌కు మంచి ద్వారం ఒక స్థాయి దిగడమే. 117 కంపనాల బి ఫ్లాట్‌ను పట్టి ఉంచి, నాలుక తగలకుండా, గాలి ఆపకుండా దవడను మాత్రం దించితే స్వరం 58కి పడుతుంది. మొదట్లో మధ్యలో గర్రుమనే చప్పుడు వస్తుంది, దానికి కంగారుపడనక్కర్లేదు. తల వంచకుండా, మౌత్‌పీస్‌ను పెదవులపై అదమకుండా ఉంటే కొన్ని వారాల్లో ఆ చప్పుడు సన్నగిల్లుతుంది. అది స్థిరపడ్డాక పెడల్‌ను నేరుగా, ముందు ‘హో’ అనే శ్వాసతో, తర్వాత ‘దో’ అనే నాలుకతో మొదలుపెట్టాలి. ‘త’ అని కొడితే పగిలిపోతుంది. అక్కడి నుంచి ఎ, ఎ ఫ్లాట్, జి అంటూ ఒక్కో పొజిషన్ దిగాలి. ఎఫ్, ఇ పెడల్స్ టెనర్ వాదకుడికి కాలక్రమంలో వచ్చేవే, వాటికోసం తొందరపడితే మూలలు సడలుతాయి.

మంద్రస్వరాలు ఆలస్యంగా పలుకుతాయన్న ఫిర్యాదుకు భౌతికమైన కారణం ఉంది. 58 కంపనాల స్వరంలో ఒక్క కంపనానికే 17 మిల్లీసెకన్లు పడుతుంది. మూడు స్థాయిల పైనున్న బి ఫ్లాట్‌కు 2 మిల్లీసెకన్లు చాలు. స్వరం కుదురుకోవడానికి కొన్ని కంపనాలు గడవాలి కాబట్టి, కింది స్వరానికి శ్వాస ముందే సిద్ధమై ఉండాలి. మెట్రోనోమ్‌తో పొట్టి స్వరాలు సాధన చేయకుండా దీర్ఘస్వరాలతోనే సరిపెట్టుకునేవారికి ఈ లోపం చివరిదాకా వదలదు.

కింది స్వరాల శ్రుతి విషయంలో చెవి మొద్దుబారుతుంది. ఎడతెగని ఆధారస్వరం పక్కన పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. కర్ణాటక సంగీతం వినే ఇళ్లలో ఉండే ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఇందుకు భేషుగ్గా సరిపోతుంది. ఆరున్నర శ్రుతికి పెడితే అది బి ఫ్లాటే. దాని షడ్జంతో 58 కంపనాల స్వరాన్ని కలిపితే, శ్రుతి తప్పిన మరుక్షణం అలలు అలలుగా ఊగడం వినిపిస్తుంది.

అభ్యాసాలతో పాటు పాట కూడా కావాలి. ఇటలీలో పుట్టిన గాయకుడు మార్కో బోర్డోగ్ని గాత్ర విద్యార్థుల కోసం రాసిన సాధనలను, బాస్టన్ సింఫనీలో ట్రాంబోన్ వాయించిన జోఆనెస్ రోషూ 120 అభ్యాసాలుగా ట్రాంబోన్‌కు మలిచాడు. 1928లో వెలువడిన ఆ సంపుటాలు ఇప్పటికీ ప్రతి విద్యార్థి సంచిలో ఉంటాయి. వాటిని రాసినట్టు ఒకసారి, ఒక స్థాయి కిందికి దించి మరోసారి వాయించడం అందరూ పాటించే పద్ధతి. స్వరాలు దిగినా పాట భావం దిగకూడదు. వాక్యం మధ్యలో ఊపిరి అవసరమైతే తీసుకోవచ్చు, రాగం కుంటుపడనంత వరకు అందులో తప్పులేదు. బాహ్ చెల్లో సూట్లు కూడా బాస్ ట్రాంబోన్ వాదకులు ఇష్టంగా సాధన చేస్తారు.

పెద్ద మౌత్‌పీస్ కొంటే కింది స్వరాలు వచ్చేస్తాయన్న ఆశ చాలామందిలో ఉంది. టెనర్ మౌత్‌పీస్ లోపలి వెడల్పు దాదాపు 25, 26 మిల్లీమీటర్లు, బాస్‌ది 27, 28. పెద్దది పెడితే పెడల్ మొదటి రోజే లావుగా పలికిన మాట నిజమే. వారం తిరక్కుండా పై స్వరాలు అలసిపోతాయి, మధ్యస్థాయి మెరుపు తగ్గుతుంది. టెనర్ వాయించేవారు ఉన్న మౌత్‌పీస్‌తోనే సాధన చేయడం మేలు.

ఆర్కెస్ట్రాలో ఈ స్వరాలకు ఎంత విలువ ఉందో బెర్లియోజ్ 1837 నాటి రెక్వియమ్‌లో వినవచ్చు. ‘హోస్టియాస్’ భాగంలో పైన వేణువులు, చాలా కింద ట్రాంబోన్ల పెడల్ స్వరాలు, మధ్యలో ఏ వాయిద్యమూ లేదు. మెత్తగా మొదలుపెట్టి మెత్తగా ముగించే పెడల్ కూడా సాధనలో ఉండాలి. రోజుకు పదిహేను, ఇరవై నిమిషాలు మంద్రస్థాయికి కేటాయిస్తే చాలు. మధ్య మధ్య పెదవులను వదులుగా బుర్రుమనిపిస్తూ విశ్రాంతి ఇవ్వాలి. పూర్తయ్యాక మధ్యస్థాయి ఎఫ్‌నూ, దాని పై బి ఫ్లాట్‌నూ మెల్లగా పలికించి చూసుకోవాలి. అవి ఎప్పటిలా తేటగా వస్తే మూలలు సడలలేదన్నమాట. రాకపోతే మర్నాడు పెడల్స్ వదిలేసి, బి ఫ్లాట్ నుంచి ఇ దాకా దిగే వరసతోనే ఆపాలి.