గోడల మధ్య వైఫై: ముందు కొలత, తర్వాతే పెట్టె

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి వస్తుంది. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తూ వాతావరణ పొరలను పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ కోసం అక్కడ 1024 యాంటెనాలు బారులు తీరి ఉంటాయి. చుట్టూ కొండలు. బయటి రేడియో రొదను కొంత ఆపుతాయి కాబట్టి అవి రాడార్‌కు మేలే చేస్తాయి. తిరుపతి లాడ్జిలో సంగతి వేరు. అక్కడ అడ్డొచ్చిన ప్రతి గోడా వైఫైకి నష్టమే. ఆ నష్టం ఎంతో కట్టడమంతా తిరిగి కొలిచే పనే సైట్ సర్వే.

రేడియో తరంగాల్లో కొంత భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 1985లో అమెరికా అనుమతించడంతో వైఫైకి దారి పడింది. 1997లో తొలి ప్రమాణం వచ్చింది. వేగం సెకనుకు 2 మెగాబిట్లకు మించదు. మన దేశంలో వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం అన్నది 2005లో. ఆ తర్వాత లాడ్జీలూ కాలేజీలూ వైఫై పెట్టెలు (యాక్సెస్ పాయింట్లు) కొంటూ వచ్చాయి. కొలవడం మాత్రం చాలామంది మరిచారు.

మామూలుగా పెట్టెలన్నీ వరండా పొడవునా బిగిస్తారు. లాడ్జి గదిలో తలుపు తీయగానే పక్కన బాత్‌రూమ్, దాని అవతల మంచం. అంటే వరండాలోంచి వచ్చే అల టైల్సు, నీళ్ల పైపులు, అద్దం దాటుకుని మంచం దాకా రావాలి. సిగ్నల్ 3 డెసిబెల్స్ తగ్గితే శక్తి సగమవుతుంది, 10 తగ్గితే పదోవంతే మిగులుతుంది. వరండాలో మాత్రం పెట్టెలు ఒకదానికొకటి బాగా వినిపించి, ఒకే ఛానెల్ మీద ఉంటే పరస్పరం అడ్డుపడతాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11.

సర్వే చేసేవాడు స్టాండు మీద పెట్టెను నిలిపి, ల్యాప్‌టాప్‌లో ప్లాను తెరిచి గదిగదీ తిరుగుతాడు. ఆగిన ప్రతిచోటా సిగ్నల్ కొలిచి ప్లాను మీద గుర్తు పెడతాడు. వైఫై మీద ఫోన్ మాట తెగకుండా నడవాలంటే మంచం దగ్గర సిగ్నల్ బలం కనీసం మైనస్ 67 డీబీఎం ఉండాలి. రాతిగోడల పాత ఇంట్లోనైతే ఒక్క గోడ దాటేసరికే ఈ అంకె పడిపోవచ్చు.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది జనం సంగతి. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, నీరు ఈ అలలను పీల్చుకుంటుంది. పైగా ఒక పెట్టె కింద ఉన్న ఫోన్లన్నీ దాని సమయాన్నే పంచుకోవాలి. తిరుపతిలో యాత్రికులు దిగే శ్రీనివాసం, విష్ణు నివాసం లాంటి పెద్ద వసతి సముదాయాల్లో మామూలు రోజుకూ తిరుమల బ్రహ్మోత్సవాల రద్దీకీ పోలికే లేదు. ఖాళీ హాల్లో తీసిన కొలత రద్దీ రోజున నిలవదు.

లాడ్జి, ఆసుపత్రి, హాస్టలు కట్టేవారికి నా మనవి: ఫాల్స్ సీలింగ్ వేయకముందే సర్వే చేయించండి, తీగలు ఆ లెక్క ప్రకారమే లాగించండి. జనం నిండాక మరోసారి కొలిపించండి.